చీర ఫోటోలో దొంగ చారలు: అవి ఎందుకు వస్తాయి, ఎలా తొలగించాలి?

ఈ రోజుల్లో ఫోన్ లేని ఇల్లు లేదు, ఫోటో తీయని చేయి లేదు. ఒకప్పుడు గద్వాల చీర కొనాలంటే గద్వాలకు రావాలి, లేదా పట్నంలో దుకాణానికి వెళ్లి చేత్తో పట్టి చూడాలి. ఇప్పుడు గద్వాల, రాజోలి, అమరచింత వంటి ఊళ్లలో మగ్గం మీద నేసిన చీర ఫోటో నిమిషంలో హైదరాబాదుకూ, బెంగళూరుకూ, అమెరికాకూ పోతోంది. కొనేవారు బట్టను తాకరు. ఫోటోనే చూస్తారు. అంటే ఫోటో బాగుంటేనే బేరం.

అయితే ఈ ఫోటోల్లో ఒక చిక్కు ఉంది. సన్నని గళ్ల చీరను గాని, సాదా నూలు చీరను గాని ఫోటో తీసి చూస్తే, కొన్నిసార్లు బట్టపై లేని వంపు చారలు, అలలు, ఆకుపచ్చ, గులాబీ రంగు మరకలు కనిపిస్తాయి. చీరను మళ్లీ చేతిలోకి తీసుకొని చూస్తే అక్కడ ఏమీ ఉండదు. చూసేవారు మాత్రం రంగు సరిగా అద్దలేదేమో, నేతలో తప్పు ఉందేమో అనుకుంటారు. ఆ అనుమానంతో చీర వెనక్కి వస్తే రానుపోను ఖర్చు, నలిగిన మడత, పోయిన పేరు అన్నీ నేసినవారి మీదే పడతాయి. మన హాస్టళ్లలో మగ్గం ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఉన్నారు. ఫోటో స్టూడియోల్లో, ఆన్‌లైన్ అమ్మకాల్లో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులూ ఉన్నారు. కాబట్టి ఈ దొంగ చారల గురించి కొంచెం వివరంగా తెలుసుకుందాం.

పేరు ఎక్కడిది?

ఈ చారలను ‘మ్వారే’ అంటారు. ఇంగ్లీషు అక్షరాలు చూసి మనం మోయిర్ అని చదువుతాం గాని, ఇది ఫ్రెంచి మాట. విశేషమేమిటంటే ఇది పుట్టుకతోనే బట్టల మాట. పట్టుబట్టను తడిపి, రెండు పొరలుగా మడిచి, బరువైన రోలర్ల మధ్య నొక్కితే, ఒక పొరలోని పోగులు రెండో పొరపై అచ్చు పడి, నీటి అలల్లాంటి మెరుపు వస్తుంది. ఆ బట్టకు ఐరోపాలో మ్వారే అని పేరు. మేక ఉన్నితో నేసే ‘మొహేర్’ బట్ట పేరు నుంచి ఈ మాట వచ్చింది. దాని మూలం అరబ్బీ భాషలో ఉంది. బట్టల మార్కెట్‌లో పుట్టిన మాట విజ్ఞానశాస్త్రంలోకి వెళ్లి, ఇప్పుడు మన ఫోన్ల ద్వారా మళ్లీ బట్టల దగ్గరికే వచ్చింది.

అసలు కారణం

దీన్ని అర్థం చేసుకోవడానికి కంప్యూటర్ అక్కరలేదు. రెండు పేల దువ్వెనలు తీసుకోండి. ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి, ఒకదాన్ని కొద్దిగా తిప్పండి. పళ్ల మధ్య పెద్ద పెద్ద నల్ల చారలు కనబడతాయి. దువ్వెనలను కదిపితే అవి వేగంగా జరుగుతాయి. రెండు పొరలుగా పడిన దోమతెరలోనూ ఇదే చూడవచ్చు. ఒక్కో తెరలో ఆ చార లేదు. రెండూ కలిసినప్పుడే అది పుడుతుంది.

అంటే సన్నగా, క్రమంగా ఉన్న ఒక అల్లిక మీద, దాదాపు అంతే సన్నగా ఉన్న మరో అల్లిక పడితే, ఆ రెండింటి మధ్య తేడా పెద్ద చారగా కనిపిస్తుంది. ఇంగ్లండు శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1874లోనే, సన్నని గీతలు గీసిన రెండు పలకలను ఒకదానిపై ఒకటి ఉంచి, పుట్టిన చారలను బట్టి గీతలు సమంగా ఉన్నాయో లేదో పరీక్షించవచ్చని చెప్పాడు. కంటికి అందని చిన్న తేడాను ఈ చారలు పెద్దది చేసి చూపిస్తాయి.

ఇక కెమెరా సంగతికి వద్దాం. కెమెరాలో ఫిల్ము స్థానంలో సెన్సర్ ఉంటుంది. దాని మీద లక్షల సంఖ్యలో చిన్న చిన్న గళ్లు వరుసలుగా ఉంటాయి. వీటినే పిక్సెల్స్ అంటాం. సెన్సర్ కూడా ఒక గళ్ల గుడ్డలాంటిదే. చీరలో పడుగు, పేక పోగులు ఒక అల్లిక. సెన్సర్ గళ్లు రెండో అల్లిక. రెండూ ఇంచుమించు సమానమైనప్పుడు దువ్వెనల ఆట మొదలవుతుంది.

లెక్క చూద్దాం

ఉదాహరణకు ఒక నూలు చీరలో అంగుళానికి 76 పోగులు ఉన్నాయనుకుందాం. 12 మెగాపిక్సెల్ ఫోటోలో పొడవు వైపు సుమారు 4000 పిక్సెల్స్ ఉంటాయి. (ఫోన్ పెట్టెపై 48 అని రాసి ఉన్నా, చాలా ఫోన్లు మామూలుగా నాలుగేసి గళ్లను కలిపి 12 మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తాయి.)

1. ఫోటో పొడవులో 50 అంగుళాల బట్ట పట్టేలా తీస్తే, అంగుళానికి 4000 ÷ 50 = 80 పిక్సెల్స్ వస్తాయి. పోగులు 76, పిక్సెల్స్ 80. తేడా 4. అంటే అంగుళానికి నాలుగు దొంగ చారలు, ప్రతి పావు అంగుళానికి ఒకటి పుట్టే అవకాశం ఉంది.

2. ఒక పోగును, దాని పక్కన సందును విడివిడిగా చూపాలంటే కనీసం రెండు పిక్సెల్స్ కావాలి. అంటే అంగుళానికి 152 పైన. అందుకు ఫోటోలో 26 అంగుళాలకు మించి బట్ట పట్టకూడదు. మన కొలతలో చెప్పాలంటే మూరన్నరకు కాస్త తక్కువ.

3. రంగు చారలు కూడా రాకూడదంటే దీనికి ఇంకా రెట్టింపు, అంటే 304 పిక్సెల్స్ కావాలి. అప్పుడు ఫోటోలో పట్టే బట్ట 13 అంగుళాలు. జేనన్నర లోపు.

ఇది స్థూలమైన లెక్క. లెన్సు పదును, వెలుతురు, బట్ట ముడతలు కూడా ఫలితాన్ని మారుస్తాయి. కాని చీర మొత్తం తీసినప్పుడు చారలు వచ్చి, దగ్గరగా తీసినప్పుడు ఎందుకు పోతున్నాయో ఈ లెక్కతో అర్థమవుతుంది.

రంగులు ఎక్కడి నుంచి వస్తాయి?

సెన్సర్ గడికి రంగు తెలియదు, వెలుతురు ఎంత పడిందో మాత్రమే తెలుసు. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. 1976లో దానికి పేటెంటు వచ్చింది. ప్రతి గడి మీద ఒక రంగు అద్దం పెట్టాలి. నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మిగిలిన రంగులను పక్క గళ్లను చూసి కెమెరా అంచనా వేస్తుంది. నేటి ఫోన్లు, కెమెరాల్లో ఎక్కువ భాగం ఈ పద్ధతి మీదనో, దీని నుంచి వచ్చిన పద్ధతుల మీదనో పనిచేస్తున్నాయి.

ఎరుపు, నీలం గళ్లు వరుసలో ఒకటి విడిచి ఒకటి ఉంటాయి కాబట్టి వాటి అల్లిక మరింత పలుచన. సన్నని తెల్ల పోగు ఒకచోట ఎరుపు గడి మీద, మరోచోట నీలం గడి మీద పడుతుంది. కెమెరా అంచనా తప్పుతుంది. తెల్లని నూలు మీద గులాబీ, ఆకుపచ్చ అలలు అలా వస్తాయి.

దీన్ని ఆపడానికి కొన్ని కెమెరాల్లో సెన్సర్ ముందు చిత్రాన్ని వెంట్రుకవాసి మసకబరిచే ఒక పొరను అమరుస్తారు. 2012లో నికాన్ కంపెనీ డీ 800 అనే కెమెరాను ఈ పొరతోనూ, డీ 800 ఈ అనే దాన్ని పొర ప్రభావం లేకుండానూ విడుదల చేసింది. రెండోదానిలో పదును ఎక్కువ, మ్వారే వచ్చే అవకాశమూ ఎక్కువ. కాబట్టి ఖరీదైన కెమెరా అయితే చారలు రావనుకోవడం పొరపాటు.

ముందు చార ఉందో లేదో తేల్చుకోండి

ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు ఫోటోను 100 శాతానికి పెంచి చూడాలి. అంటే ఫోటోలోని ఒక పిక్సెల్ తెరపై ఒక పిక్సెల్‌గా కనబడాలి. ఫోటోను చిన్నదిగా చేసి చూసినప్పుడు తెర గళ్ల వల్ల కూడా చారలు కనబడతాయి. 100 శాతంలో చార లేకపోతే ఫోటోలో తప్పు లేదు, చూపులోనే తప్పు. అలాంటి ఫోటోకు మందు వేయనక్కరలేదు. 100 శాతంలో కూడా ఉంటేనే అది నిజమైన మ్వారే.

అయితే 100 శాతంలో శుభ్రంగా ఉన్న ఫోటో కూడా వాట్సాప్‌లో పంపినప్పుడు చిన్నదై చారలు తెచ్చుకోవచ్చు. అందుకే మనమే ముందుగా కంప్యూటర్‌లో తగిన సైజుకు తగ్గించి, ఒకసారి చూసి పంపడం మంచిది. పూర్తి సైజు ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే అది మారకుండా చేరుతుంది.

తీసేటప్పుడే జాగ్రత్తలు

వచ్చిన చారను తుడవడం కన్నా రాకుండా చూసుకోవడం సులువు.

1. దూరం మార్చండి. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగితే పోగుల లెక్క మారి చార పోవచ్చు. జూమ్ మార్చినా అంతే.

2. కోణం మార్చండి. కెమెరాను గాని చీరను గాని కొద్దిగా వాలుగా పెట్టండి. పోగులు, పిక్సెల్స్ సమాంతరంగా ఉండకపోతే చార సన్నబడి కంటికి ఆనదు.

3. ఒకే చీరను వేర్వేరు దూరాల నుంచి మూడు నాలుగు ఫోటోలు తీయండి. ఒకదానిలో చార ఉన్నచోట మరోదానిలో ఉండకపోవచ్చు. ఎడిటింగ్‌లో ఇది ఎంతో ఉపయోగపడుతుంది.

4. పెద్ద కెమెరా అయితే అపర్చర్‌ను ఎఫ్ 16 వరకు మూయండి. చిత్రం కొద్దిగా మెత్తబడి చార తగ్గుతుంది. ఫోన్లలో సాధారణంగా ఈ సౌకర్యం ఉండదు.

5. చీర మొత్తం ఒక ఫోటో, జేనన్నర లోపు పట్టేలా నేత కనిపించే దగ్గరి ఫోటో ఒకటి తప్పక తీయండి. మొదటిది చీర అందం చెబుతుంది, రెండోది నేత నిజం చెబుతుంది.

6. వీలైతే రా ఫైలుగా తీయండి. జేపెగ్‌లో కెమెరా అంచనా ఖాయమైపోతుంది. రా ఫైలులో రంగును సరిదిద్దే వీలు ఎక్కువ.

ఎడిటింగ్‌లో తొలగించే విధానం

ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. మ్వారేలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి రంగు చార, రెండోది వెలుగునీడల చార. రంగు చారను పోగు చెడకుండా తీయవచ్చు. వెలుగునీడల చారను తీయడం కష్టం. కాబట్టి ముందు రంగును సరిచేసి, తరువాతే మిగిలినది చూడాలి. ఫోటోకు పదును పెంచడం, సైజు తగ్గించడం వంటివన్నీ దీని తరువాతే చేయాలి.

లైట్‌రూమ్‌లో: 2012లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి దీనిలో మ్వారే తగ్గించే స్లైడర్ ఉంది. మాస్కింగ్‌లో బ్రష్ తీసుకొని, చార ఉన్నచోట మాత్రమే పూసి, స్లైడర్‌ను మెల్లగా పెంచాలి. ఫోటోషాప్‌తో వచ్చే కెమెరా రా లోనూ ఇదే ఉంటుంది. క్యాప్చర్ వన్ అనే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇందుకోసం ప్రత్యేక పరికరం ఉంది.

ఫోటోషాప్‌లో: ఫోటో లేయర్‌ను డూప్లికేట్ చేయండి. పై లేయర్‌కు గాసియన్ బ్లర్ ఇచ్చి, రంగు అలలు కలిసిపోయేవరకు పెంచండి. చీర మసకగా కనబడుతుంది, భయపడకండి. ఇప్పుడు ఆ లేయర్ బ్లెండింగ్ మోడ్‌ను ‘కలర్’కు మార్చండి. మసక అంతా మాయమై, పోగులు మళ్లీ కనిపిస్తాయి. ఎందుకంటే పై లేయర్ నుంచి రంగు మాత్రమే వస్తోంది, పదును కింది లేయర్ నుంచి వస్తోంది. తరువాత పై లేయర్‌కు నల్లని మాస్క్ వేసి, చార ఉన్నచోట తెల్లని బ్రష్‌తో పూయండి.

గింప్‌లో: ఇది ఉచిత సాఫ్ట్‌వేర్, పాత కంప్యూటర్లలో కూడా పనిచేస్తుంది. పద్ధతి పైన చెప్పినదే. లేయర్ మోడ్ దగ్గర ‘ఎల్‌సీహెచ్ కలర్’ లేదా ‘హెచ్ఎస్ఎల్ కలర్’ ఎంచుకోవాలి. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేని విద్యార్థులు దీనితోనే నేర్చుకోవచ్చు.

ఫోన్‌లో: స్నాప్‌సీడ్ వంటి ఉచిత యాప్‌లలో బ్రష్‌తో ఒకచోట మాత్రమే సాచురేషన్ తగ్గించవచ్చు. తెలుపు, గోధుమ వన్నె నూలు మీద ఇది చక్కగా పనిచేస్తుంది. రంగు చీర మీద వాడితే అసలు రంగు కూడా వెలిసిపోతుంది కాబట్టి అక్కడ వాడరాదు.

రంగు పోయాక కూడా నలుపు తెలుపు అలలు మిగిలితే, వేరే దూరం నుంచి తీసిన ఫోటోలో అదే భాగం శుభ్రంగా ఉంటే దాన్ని తెచ్చి అతికించవచ్చు. అదీ కుదరకపోతే మళ్లీ ఫోటో తీయడమే మేలు. చీర ఇంట్లోనే ఉంటే, గంటసేపు ఎడిటింగ్ కన్నా రెండు నిమిషాల ఫోటో నయం.

అంచు దగ్గర పారాహుషార్

గద్వాల చీర గొప్పతనం ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు కావడంలో ఉంది. రెండు రకాల పడుగులను కుప్పడం పద్ధతిలో పోగు పోగుకు ముడివేసి కలుపుతారు. అంచు మీద కోటకొమ్మలు గుడి గోపురాల్లా లేస్తాయి. పైన చెప్పిన ‘కలర్’ పద్ధతిలో బ్లర్ ఎక్కువైతే, అంచులోని ఎరుపు పక్కనున్న తెల్ల నూలులోకి కారినట్టు కనిపిస్తుంది. కొనేవారు చూస్తే రంగు దిగే చీర అనుకుంటారు. ఒక తప్పు తీయబోయి మరో తప్పు తెచ్చినట్టు అవుతుంది. అందుకే ఒళ్లును వేరుగా, అంచును వేరుగా మాస్క్ చేసుకొని పనిచేయాలి. జరీ మీద బ్రష్ పోనివ్వకూడదు. జరీ మెరుపులో సహజంగానే చిన్న చిన్న రంగు తళుకులు ఉంటాయి. వాటిని తుడిచేస్తే జరీ పసుపు దారంలా కనిపిస్తుంది.

చాలామంది చేసే పని, మొత్తం ఫోటోను బ్లర్ చేయడం, లేదా ‘బ్యూటీ’ ఫిల్టర్ వేయడం. చార పోతుంది, దానితో నేత కూడా పోతుంది. చేతి మగ్గం మీద నేసిన బట్టలో పోగు పోగుకు ఉండే చిన్న హెచ్చుతగ్గులే అది చేనేత అనడానికి ఆనవాలు. వాటిని చెరిపేస్తే మన చీర మర మగ్గం బట్టలా, అచ్చు వేసిన గుడ్డలా కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2006లో చేనేతకు ప్రత్యేక గుర్తు తెచ్చింది, గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. అవన్నీ అసలును నకలు నుంచి కాపాడటానికే. మన ఎడిటింగ్ ఆ అసలును దాచిపెట్టకూడదు. చార పోవాలి, పోగు మిగలాలి.

పాత ఫోటోలు స్కాన్ చేసేవారికి

వార్షికోత్సవ సంచికల కోసం పూర్వ విద్యార్థులు పాత గ్రూపు ఫోటోలు పంపుతుంటారు. కొందరి దగ్గర అసలు ఫోటో ఉండదు, పాత సంచికలోనో పేపర్లోనో అచ్చయిన బొమ్మ ఉంటుంది. దాన్ని స్కాన్ చేస్తే ముఖాల మీద గళ్లు పడతాయి. ఇదీ మ్వారేనే. అచ్చు బొమ్మ చుక్కలతో తయారవుతుంది. పేపర్లో అంగుళానికి సుమారు 85 నుంచి 100 వరుసలు, మంచి పత్రికల్లో 133 నుంచి 150 వరుసలు ఉంటాయి. ఆ చుక్కలు స్కానర్ గళ్లతో తగాదా పడతాయి. ముద్రణలో నాలుగు రంగుల చుక్కలు తమలో తాము తగాదా పడకుండా, నీలానికి 15, గులాబీకి 75, పసుపుకు 0, నలుపుకు 45 డిగ్రీల చొప్పున కోణాలు మార్చి పెట్టడం వాడుక.

అచ్చు బొమ్మను స్కాన్ చేసేటప్పుడు 600 డీపీఐ పెట్టండి. స్కానర్‌లో ‘డీస్క్రీన్’ ఉంటే ఎంచుకోండి. లేకపోతే కొద్దిగా బ్లర్ ఇచ్చి, తరువాత సైజు సగానికి తగ్గించండి. ఫోటో కాగితం మీద కడిగించిన అసలు ఫోటోలో చుక్కలు ఉండవు కాబట్టి ఈ బాధ లేదు. అందుచేత పూర్వ విద్యార్థులు పెట్టె అడుగున ఉన్న అసలు ఫోటోలనే వెతికి పంపితే మేలు. ఆ ఫోటోల్లోని ముఖాలు కొన్నింటిని మళ్లీ తీసే అవకాశం లేదు.

అలాగే కంప్యూటర్ తెర మీద పరీక్ష ఫలితాన్నో హాల్‌టికెట్‌నో ఫోన్‌తో ఫోటో తీస్తే రంగురంగుల అలలు వస్తాయి. తెర గళ్లు, సెన్సర్ గళ్లు కలవడమే కారణం. దానికి ఎడిటింగ్ వద్దు. స్క్రీన్‌షాట్ తీసుకోండి, లేదా పీడీఎఫ్ దించుకోండి.

చివరగా

2016లో పాత మహబూబ్‌నగర్ నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలయ్యాయి. పేర్లు వేరైనా ఫోటోకు చిక్కు తెచ్చే అల్లికలు మూడు చోట్లా ఉన్నాయి. గద్వాల అంచు చీర, అమరచింత మగ్గం బట్ట, సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున ఆరేసిన చేపల వల, హాస్టల్ కిటికీ జాలీ, గ్రూపు ఫోటోలో సన్నగళ్ల చొక్కాలు అన్నీ ఈ పాఠానికి పనికొచ్చేవే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఏదో ఒకదాన్ని ఐదు దూరాల నుంచి ఫోటో తీసి, 100 శాతంలో పోల్చి చూడండి. ఒక్క పూటలో విషయం బోధపడుతుంది.

మగ్గం ఉన్న ఇంటి పిల్లలు ఈ పని తప్పక నేర్చుకోవాలి. అమ్మానాన్నలు రోజుల తరబడి గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుని నేసిన చీరను, మనం రెండు నిమిషాల్లో తీసిన ఫోటో చెడగొట్టకూడదు. ఉన్న రంగును ఉన్నట్టు, ఉన్న నేతను ఉన్నట్టు చూపించగలిగితే, చదువుకున్న మనం ఆ మగ్గానికి చేసే సాయం అదే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ప్రయత్నించండి. తెలియనిది అన్నలనూ అక్కలనూ అడగండి. తెలిసినది పక్కవారికి చెప్పండి.